స్కాట్లాండ్‌లో రెండు భాషలకు అధికార హోదా: ఎవరికి ఎంత పనికొస్తుంది?

2025 నవంబర్ 30న స్కాట్లాండ్‌లో గేలిక్, స్కాట్స్ రెండూ అధికార భాషలయ్యాయి. ఆ రోజు సెయింట్ ఆండ్రూస్ డే, వాళ్ల జాతీయ దినం. అంతకుముందు జూన్ 17న ఎడిన్‌బరోలోని పార్లమెంటు ఈ బిల్లును ఏకగ్రీవంగా పాస్ చేసింది. స్వాతంత్ర్యం కావాలనేవాళ్లూ బ్రిటన్‌తోనే ఉందామనేవాళ్లూ రోజూ పోట్లాడుకునే సభ అది. అలాంటి చోట అందరూ ఒకేవైపు ఓటేశారంటే భాషల మీద నిజంగా ప్రేమ ఉండి ఉండాలి, లేదంటే ఈ చట్టంతో ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాదని ముందే తెలిసి ఉండాలి. చూడబోతే రెండూ కొంత నిజమే.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇది "చిన్న భాషలకు మంచి రోజులొచ్చాయి" అనే మామూలు వార్తలా కనిపిస్తుంది. కానీ ఈ రెండు భాషలకీ దేశం ఒకటే తప్ప సమస్య ఒకటి కాదు. ఒకదాన్ని భాష అని అందరూ ఒప్పుకుంటారు, ఇంట్లో మాట్లాడేవాళ్లే కరువు. రెండోదాన్ని లక్షల మంది రోజూ మాట్లాడతారు, అది భాషేనా అంటే మాత్రం మాట్లాడేవాళ్లే నసుగుతారు. ఇలాంటి రెంటినీ ఒకే చట్టంలో, ఒకే హోదాలో పెట్టారు. ఆ హోదా ఎవరికి ఏం చేస్తుందో విడివిడిగా చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది.

ముందు అవేమిటో చెప్పుకుందాం. గేలిక్ సెల్టిక్ కుటుంబపు భాష, ఐర్లాండ్‌లో మాట్లాడే ఐరిష్‌కు దగ్గరి చుట్టం. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాడికి అందులో ఒక్క వాక్యం కూడా తలకెక్కదు. స్కాట్స్ అలా కాదు. పాత ఇంగ్లిష్‌లోని ఉత్తరాది రూపం నుంచి పుట్టింది, అంటే ఇంగ్లిష్‌కు తోబుట్టువు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు వింటే సగం అర్థమవుతుంది, మిగతా సగం తప్పుగా అర్థమవుతుంది. స్కాట్స్‌కు వచ్చిన తిప్పలన్నీ ఈ దగ్గరితనం వల్లే.

2022 జనాభా లెక్కల ప్రకారం స్కాట్స్ మాట్లాడతామని చెప్పినవాళ్లు దాదాపు 15 లక్షల మంది. మాట్లాడటం, చదవటం, రాయటం, అర్థం చేసుకోవటం, వీటిలో ఏదో ఒకటి వచ్చినవాళ్లను లెక్కేస్తే 24 లక్షలు దాటారు. మొత్తం దేశ జనాభానే 54 లక్షలు. గేలిక్ మాట్లాడేవాళ్లు దాదాపు 70 వేలు, ఎంతోకొంత వచ్చినవాళ్లంతా కలిపితే 1,30,000. అంటే ఒకటి దేశంలో దాదాపు సగం మందికి తెలిసిన భాష, రెండోది వందలో ముగ్గురికి కూడా పూర్తిగా అందని భాష. మరి ప్రత్యేక చట్టం, బోర్డు, టీవీ చానెల్ దేనికున్నాయి? గేలిక్‌కే. స్కాట్స్‌కు అలాంటివేవీ లేవు. అసలు స్కాట్స్ వచ్చా అనే ప్రశ్నను జనాభా లెక్కల్లో మొదటిసారి అడిగిందే 2011లో, అంతకుముందు ఎంతమంది మాట్లాడుతున్నారో ప్రభుత్వానికే లెక్క లేదు.

ఇదెలా వచ్చిందో తెలియాలంటే స్కాట్స్ చరిత్ర కొంచెం చూడాలి. ఇది ఎప్పుడూ పల్లెటూరి యాసగానే ఉందనుకుంటే పొరపాటు. 14వ శతాబ్దం చివరి నుంచి స్కాట్లాండ్ పార్లమెంటు తన చట్టాలను లాటిన్ వదిలి స్కాట్స్‌లో రాసుకుంది. రాజుల ఆస్థానంలో అదే భాష, కోర్టు కాగితాల్లో అదే, మంచి కవులు రాసిందీ అందులోనే. తర్వాత దెబ్బ మీద దెబ్బ పడింది. 1560లో మతసంస్కరణ వచ్చింది, జనం చేతికి బైబిల్ వచ్చింది, కానీ అది ఇంగ్లిష్ బైబిల్, ఆ రోజుల్లో స్కాట్స్‌లో పూర్తి బైబిల్ ఎవరూ అచ్చేయలేదు. దాంతో దేవుడు కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. 1603లో ఆరో జేమ్స్ ఇంగ్లండ్‌కు కూడా రాజై, ఆస్థానంతో సహా లండన్ వెళ్లిపోయాడు. 1707లో దేశం ఇంగ్లండ్‌తో విలీనమై పార్లమెంటూ పోయింది. ఇక 18వ శతాబ్దానికి వచ్చేసరికి ఎడిన్‌బరో పెద్దమనుషులకు తమ నోటి మాటంటేనే సిగ్గు పట్టుకుంది. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అంతటివాడు 1752లో రాతలో దొర్లకూడని స్కాట్లాండ్ ప్రయోగాల జాబితా ఒకటి తయారుచేసి అచ్చు వేయించాడు. ఆ తర్వాత అలాంటి జాబితాలు మరికొందరూ వేశారు.

బడి ఆ సిగ్గును తర్వాతి రెండు వందల ఏళ్లు జాగ్రత్తగా పెంచి పోషించింది. 1946లో స్కాట్లాండ్ విద్యాశాఖకు ఇచ్చిన ఒక నివేదిక స్కాట్స్ చదువుకున్నవాళ్ల భాష కాదని, చదువుకీ సంస్కృతికీ అది పనికిరాదని తేల్చేసింది. రాసింది బయటివాళ్లు కాదు, ఆ దేశపు విద్యావేత్తలే. ఇందులో తమాషా ఏమిటంటే, ఏటా జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు వస్తే అవే బడుల్లో పిల్లల చేత ఆయన స్కాట్స్ పద్యాలు అప్పజెప్పించి, బాగా చెప్పినవాడికి బహుమతి ఇచ్చేవారు. మర్నాడు అదే పిల్లాడు అవే మాటలు క్లాసులో వాడితే "సరిగ్గా మాట్లాడు" అని గద్దించేవారు. ఏడాదికి ఒక్కరోజు గౌరవం, మిగతా 364 రోజులు అక్షింతలు. సినిమాల్లో యాస మాట్లాడేది పనివాడో కమెడియనో అయ్యుండటం చాలాకాలం చూసిన తెలుగువాళ్లకు ఈ సంగతి పెద్దగా విడమర్చి చెప్పక్కర్లేదు.

దాని ఫలితం 2010లో అంకెల్లో బయటపడింది. అక్కడి ప్రభుత్వం చేయించిన సర్వేలో 85 శాతం మంది ఎంతోకొంత స్కాట్స్ మాట్లాడతామన్నారు. అదే సర్వేలో 64 శాతం మంది అది భాష అని అనుకోవడం లేదని, ఊరికే మాట్లాడే తీరు అంతేనని చెప్పారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే స్కాట్స్ జబ్బు ఏమిటో తెలిసిపోతుంది. దీనికి మాట్లాడేవాళ్ల కొరత లేదు, నమ్మకం కొరత ఉంది. భాష అని తెలియకుండానే వాడుతున్నారు కాబట్టి ఎంత వాడుతున్నారో, ఎంత పోగొట్టుకుంటున్నారో కూడా తెలియదు. తాతకు వెయ్యి మాటలు వస్తే మనవడికి వంద వస్తాయి, ఆ వందా ఇంగ్లిష్ వాక్యంలో అక్కడక్కడా తగిలే తాలింపులా మిగులుతాయి. అయినా ఇద్దరూ లెక్కల్లో "స్కాట్స్ వచ్చు" అనే గడిలోనే పడతారు. కాబట్టి ఆ 15 లక్షలను చూసి మరీ ధీమా పడక్కర్లేదు కూడా.

ఈ నమ్మకం లేమి ఎంతదూరం పోయిందో 2020లో అందరికీ తెలిసొచ్చింది. స్కాట్స్ వికీపీడియాలో 20 వేలకు పైగా వ్యాసాలు రాసింది స్కాట్స్ రాని ఒక అమెరికన్ కుర్రాడని ఆ ఏడాది ఆగస్టులో బయటపడింది. పన్నెండేళ్ల వయసులో మొదలుపెట్టాడట, ఇంగ్లిష్ వాక్యం రాసి, మాటకు మాట డిక్షనరీలో వెతికి మార్చేసి, ఏళ్ల తరబడి పోస్ట్ చేస్తూ పోయాడు. కుర్రాడిలో దురుద్దేశం ఏమీ లేదు, తిట్టిపోయడం అనవసరం. ఆలోచించాల్సింది వేరే ఉంది. లక్షలాది మంది మాట్లాడే భాషలో ఇంత పెద్ద తప్పుడు కుప్ప పేరుకుపోతుంటే ఏళ్లపాటు ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ లక్షలాది మందిలో తమ భాషను రాసి, చదివి, "ఇది తప్పు, ఇది ఒప్పు" అని చెప్పగలమనే ధైర్యం ఉన్నవాళ్లు చాలా తక్కువ. బడిలో నేర్పలేదు కదా. నిలకడైన స్పెల్లింగ్ కూడా లేదు. ఈశాన్యంలోని డోరిక్ ఒక దారి, గ్లాస్గో వీధుల మాట ఒక దారి, షెట్లాండ్ దీవులది పూర్తిగా మరో దారి. ఒక ప్రామాణిక రూపం పెట్టాలంటే ఎవరిది పెట్టాలనే గొడవ, పెట్టకపోతే పాఠ్యపుస్తకం ఎలా రాయాలనే గొడవ.

అందుకే అధికార హోదా అనే కాగితం స్కాట్స్‌కు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, అది క్లాస్‌రూమ్. అబెర్డీన్ పక్కన ఏదో ఊళ్లో పిల్లాడు ఇంటి భాషలో జవాబు చెప్తే, దాన్ని తప్పు ఇంగ్లిష్‌గా కాకుండా ఇంకో భాషగా తీసుకోవాలని టీచరుకు చెప్పడానికి ఇప్పుడు చట్టం ఆధారంగా ఉంది. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. టీచర్లకు కొంత శిక్షణ, కొన్ని పుస్తకాలు చాలు. పరీక్షల్లో చోటు కొంత ముందే దొరికింది, 2014 నుంచే స్కాట్స్‌లో అవార్డు పేరుతో ఒక సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఇన్నాళ్లూ లేనిది ఆ పని చేసే టీచరుకు వెనక నిలబడే అధికారం. యూరప్ మైనారిటీ భాషల చార్టర్‌ను బ్రిటన్ 2001లో ఆమోదించినప్పుడు కూడా గేలిక్‌ను కచ్చితమైన బాధ్యతలుండే మూడో భాగంలో పెట్టి, స్కాట్స్‌ను సాధారణ సూత్రాలు మాత్రమే ఉండే రెండో భాగంలో వదిలేశారు. అంటే ఎవరికి గుర్తింపు వల్ల ఎక్కువ మేలో వాళ్లకే తక్కువ గుర్తింపు దొరికింది. కొత్త చట్టం ఆ లోటును కొంతవరకు పూడుస్తుంది. మరీ ఎక్కువ కాదు, ఎందుకంటే ఇందులోనూ నిర్దిష్టమైన ఏర్పాట్లు ఎక్కువగా గేలిక్‌కే ఉన్నాయి.

ఇప్పుడు గేలిక్ సంగతి.

గేలిక్‌ను ఎవరూ చిన్నచూపుతో ఊరుకోలేదు, పనిగట్టుకుని అణిచారు. 1609లో అయోనా శాసనాల పేరుతో పశ్చిమ తీరపు దీవుల తెగల పెద్దల చేత సంతకాలు పెట్టించారు, పెద్దకొడుకును దక్షిణాదికి పంపి ఇంగ్లిష్ చదివించాలన్నది అందులో ఒక షరతు. 1616లో రాజు సలహామండలి అయిన ప్రివీ కౌన్సిల్ ఊరూరా బడులు పెట్టమంటూ ఒక ఆదేశమిచ్చింది, గేలిక్‌ను అనాగరికతకు మూలంగా చూపించి, దాన్ని రూపుమాపడం కూడా ఆ బడుల పనే అని రాసింది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో, రాజు మీద తిరగబడ్డ ఉత్తరాది తెగల ఓటమి, ఆ తర్వాత దశాబ్దాల పాటు భూస్వాములు గొర్రెల మేత కోసం రైతులను భూముల నుంచి ఖాళీ చేయించడం, జనం కెనడాకూ గ్లాస్గోకూ తరలిపోవడం. 1872 విద్యాచట్టం పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసింది, అందులో గేలిక్ పేరే లేదు. నిషేధం పెట్టలేదు, కేవలం ప్రస్తావించలేదు, అంతే. చాలా ఊళ్లలో పని అంతటితోనే అయిపోయింది. ఇంత జరిగినా 1891లో గేలిక్ మాట్లాడేవాళ్లు రెండున్నర లక్షల మంది ఉన్నారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక తెలిసిన పేరు తగులుతుంది. మన ఊళ్ల కైఫీయత్తులు సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది ఈ గేలిక్ గడ్డ మీదే, లూయిస్ దీవిలోని స్టోర్నోవే ఊళ్లో, 1754లో. ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, ముఖ్యంగా బొర్రయ్య, ఆయన తర్వాత లక్ష్మయ్య, ఆ పనికి చేతులూ కాళ్లూ అయ్యారు. తెలుగు గ్రామాల జ్ఞాపకాలను కరణాల నోట విని తెలుగులోనే రాయించుకున్న మనిషి సొంత దీవిలో, ఊరి భాషకు బడిలో చోటు లేకుండా చేసే పని అప్పటికే మొదలై ఉంది. ఇందులో పాఠమేదీ వెతకనక్కర్లేదు గానీ, మన జిల్లాల చరిత్ర రాసేవాళ్లు ఇప్పటికీ తిరగేసే ఆ కాగితాలకు ఆ దీవితో ఇలాంటి సంబంధం ఉందని గుర్తుంచుకోవచ్చు.

గేలిక్‌ను నిలబెట్టే ప్రయత్నాలు మాత్రం ఎవరైనా మెచ్చుకోవాల్సినవే. 1973లో స్కై దీవిలో పాత వ్యవసాయ కొట్టాల్లో సవల్ మోర్ ఓస్టిక్ అనే కాలేజీ మొదలైంది, ఇప్పుడక్కడ గేలిక్‌లోనే డిగ్రీలు చేస్తున్నారు. 1985లో గ్లాస్గోలో, ఇన్వర్నెస్‌లో గుప్పెడు పిల్లలతో గేలిక్ మీడియం క్లాసులు పెట్టారు. ఇప్పుడు దేశం మొత్తం మీద గేలిక్ మీడియంలో ఐదు వేలకు పైగా పిల్లలున్నారు. 2005లో గేలిక్ భాషా చట్టం, దాని కింద ఒక బోర్డు. 2006లో గ్లాస్గోలో నర్సరీ నుంచి హైస్కూలు దాకా అంతా గేలిక్‌లోనే నడిచే బడి. 2008లో బీబీసీ ఆల్బా చానెల్, దాన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం గేలిక్ రానివాళ్లు కూడా చూస్తారు. 2019లో భాషలు నేర్పే డ్యుయోలింగో యాప్‌లో గేలిక్ కోర్సు పెడితే నేర్చుకోవడానికి చేరినవాళ్లు పది లక్షలు దాటారు, అంటే భాష వచ్చినవాళ్ల కంటే ఫోన్‌లో దాన్ని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ.

వీటి ఫలితమే 2022 లెక్కల్లో కనిపించిన పెరుగుదల. 2011లో 57 వేలున్న గేలిక్ మాట్లాడేవాళ్లు 70 వేలకు దగ్గరయ్యారు. పండగ చేసుకోవాల్సిన అంకే, దాని లోపల ఏముందో చూడనంతవరకు.

పశ్చిమ దీవులు, అంటే గేలిక్ ఇంకా ఊరి భాషగా మిగిలిన చివరి ప్రాంతం, అక్కడ 2011లో 52 శాతం మంది గేలిక్ మాట్లాడేవారు. 2022లో అది 45 శాతానికి పడిపోయింది. సగం కంటే తక్కువకు దిగడం ఇదే మొదటిసారి. అంటే పెరిగింది నగరాల్లో, తరిగింది పుట్టింట్లో. గ్లాస్గోలో గేలిక్ బడికి వెళ్లే పిల్లవాడు క్లాసులో చక్కగా మాట్లాడతాడు, ఇంటికొస్తే అమ్మానాన్నలకు రాదు, ఫ్రెండ్స్‌తో ఇంగ్లిష్, పెద్దయ్యాక తన పిల్లలతో ఏ భాషలో మాట్లాడతాడో చెప్పలేం. 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన దీవుల్లో రోజువారీ వాడుకగా గేలిక్ మాట్లాడేవాళ్లు దాదాపు 11 వేల మందే మిగిలారని, వాళ్లలో ఎక్కువమంది యాభై దాటినవాళ్లని, పరిస్థితి ఇలాగే ఉంటే పదేళ్లలో ఊరి భాషగా గేలిక్ పని అయిపోతుందని చెప్పింది. దాని మీద పెద్ద దుమారమే రేగింది. నగరాల్లో కొత్తగా నేర్చుకున్నవాళ్లు మమ్మల్ని లెక్కలోంచి తీసేస్తారా అన్నారు. ఆ బాధలో న్యాయముంది. కానీ పరిశోధకులు అడిగిన ప్రశ్న వేరు: ఎవరూ నేర్పకుండా, ఇంట్లో వింటూ పిల్లలకు భాష వచ్చే ఊళ్లు ఎన్ని మిగిలాయి? ఆ ప్రశ్నకు డ్యుయోలింగో దగ్గర జవాబు లేదు.

దీవుల్లో భాష ఎందుకు తగ్గుతోందంటే కారణాలు భాషలో లేవు. ఉన్న ఊళ్లో తగిన ఉద్యోగం లేక, చదువుకున్న కుర్రాళ్లు మెయిన్‌ల్యాండ్‌కు పోతారు. ఉండిపోదామనుకున్న జంటకు ఇల్లు దొరకదు, ఎందుకంటే సముద్రం కనిపించే ఇంటిని సెలవుల కోసం కొనేవాళ్లు, టూరిస్టులకు రోజువారీ అద్దెకిచ్చేవాళ్లు పెట్టే ధర స్థానిక జీతానికి అందదు. ఫెర్రీ పాడైతే రోజుల తరబడి సరుకులూ మనుషులూ ఆగిపోతారు, అలాంటి చోట వ్యాపారం పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? బడిలో గేలిక్ మీడియం ఉంది, పశ్చిమ దీవుల కౌన్సిల్ 2020లో ఒకటో తరగతికి గేలిక్ మీడియమే డిఫాల్ట్ అని, ఇంగ్లిష్ కావాలంటే తల్లిదండ్రులు అడిగి తీసుకోవాలని నిర్ణయించింది కూడా. మంచి నిర్ణయమే. కానీ బడికి పిల్లలు కావాలి, పిల్లలకు ఇళ్లు కావాలి, చెప్పడానికి గేలిక్ వచ్చిన టీచర్లు కావాలి, ఆ టీచరుకూ ఇల్లు కావాలి.

కొత్త చట్టంలో గేలిక్‌కు సంబంధించి కాస్త పదునున్న ఏర్పాటు భాషాపరంగా ముఖ్యమైన ప్రాంతాలను గుర్తించడం. అంటే దేశమంతటికీ ఒకే విధానం కాకుండా, గేలిక్ బతికున్న చోట ప్రత్యేకంగా పనిచేయడానికి వీలు. తల్లిదండ్రులు గేలిక్ చదువు అడిగే హక్కులు కూడా బలపడ్డాయి. ఇవి అవసరమే. అయితే ఇళ్లూ ఉద్యోగాలూ ఫెర్రీలూ భాషా చట్టం చేతిలో ఉండే విషయాలు కావు. ఆ శాఖలు వేరు, ఆ బడ్జెట్లు వేరు. ఇళ్ల అనుమతులు ఇచ్చే అధికారి భాష గురించి ఆలోచించాల్సిన పని పెట్టుకోనంతవరకు, ముఖ్యమైన ప్రాంతం అని మ్యాప్‌లో గీసిన గీత గీతగానే ఉంటుంది.

గేలిక్ పేర్లు రాసిన బోర్డుల గొడవ గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేద్దాం. రైల్వే స్టేషన్లలో, పోలీసు వాహనాల మీద గేలిక్ పేర్లు చూసి "మా ఊళ్లో ఎప్పుడూ మాట్లాడని భాషకు డబ్బు తగలేస్తారా" అని మండిపడేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. ఆర్క్‌నీ, షెట్లాండ్ లాంటి చోట్ల ఆ మాటలో కొంత నిజముంది, అక్కడి పాత భాష గేలిక్ కాదు, స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి వచ్చిన నార్న్, అదెప్పుడో పోయింది. మిగతా చాలాచోట్ల ఊరి పేరే గేలిక్ నుంచి వచ్చి ఉంటుంది, తిట్టేవాళ్లకు తెలియదంతే. ఏదేమైనా బోర్డు వల్ల భాష బతకదు, చావదు. దాని మీద పెట్టే అరుపుల్లో పదో వంతు ఇళ్ల ధరల మీద పెడితే దీవులకు మేలు.

పక్కనే వేల్స్ ఉంది కాబట్టి పోల్చకుండా ఉండలేం. వెల్ష్‌కు 1982 నుంచి సొంత టీవీ చానెల్, 1993లో భాషా చట్టం, 2011లో అధికార హోదా, బడిలో పదహారేళ్ల దాకా తప్పనిసరి సబ్జెక్టు. మాట్లాడేవాళ్లు ఐదు లక్షలకు పైనే. స్కాట్లాండ్ ఇప్పుడు వేస్తున్న అడుగులు వాళ్లు ఎప్పుడో వేసేశారు. అయినా 2021 లెక్కల్లో వెల్ష్ మాట్లాడేవాళ్లు పదేళ్ల కిందటి 5,62,000 నుంచి 5,38,000కు తగ్గారు. 2050 నాటికి పది లక్షలు అనే లక్ష్యం పెట్టుకున్న ప్రభుత్వానికి అది గట్టి దెబ్బే. హోదా పనికిరాదని దీని అర్థం కాదు, హోదా లేకపోతే ఈపాటికి ఇంకా ఘోరంగా ఉండేది. హోదా ఇచ్చాక చేయాల్సింది ఇంకా చాలా ఉంటుందని మాత్రం అర్థం.

తర్వాతి జనాభా లెక్కలు వచ్చినప్పుడు పత్రికలు మళ్లీ మొత్తం సంఖ్యనే హెడ్డింగ్‌లో పెడతాయి. గేలిక్ విషయంలో దాని కంటే చూడాల్సింది పశ్చిమ దీవుల్లో పదిహేనేళ్ల లోపు పిల్లల వరుస, దాంతోపాటు అక్కడి మొత్తం మీద ఆ 45 శాతం ఎటు కదిలిందన్నది. స్కాట్స్ విషయంలో మాట్లాడేవాళ్ల సంఖ్య కాకుండా రాయగలమన్నవాళ్ల సంఖ్య చూడాలి, ఎందుకంటే బడి తన పని మొదలుపెట్టిందో లేదో ముందుగా తెలిసేది ఆ గడిలోనే.